కోనసీమ బురదకీ వరద నీటికీ జీపుకు స్నార్కెల్, పెద్ద థ్రాటిల్ కావాలా?

స్నార్కెల్ (ఇంజిన్ గాలి పీల్చుకునేందుకు పైకి నిలబెట్టే గొట్టం) కొంతవరకు పనికొస్తుంది, పెద్ద థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) మాత్రం అనవసరం.

ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు సిలిండర్‌లోకి చేరితే ప్రమాదం. గాలిలా నీరు నొక్కుకుపోదు కాబట్టి పైకొచ్చే పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హైడ్రోలాక్ అంటే ఇదే. స్నార్కెల్ గాలి పీల్చే చోటును పైకి జరిపి దీన్ని తప్పిస్తుంది.

అంతమాత్రాన ఎంత లోతుకైనా దిగొచ్చనుకోవడం పొరపాటు. ఆల్టర్నేటర్, వైరింగ్, యాక్సిల్ బ్రీదర్లు (ఇరుసుల లోపలికి గాలి ఆడే రంధ్రాలు) ఉన్నచోటే ఉంటాయి కదా! స్నార్కెల్ లేని మహీంద్రా థార్‌కు కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు. స్నార్కెల్‌తోనే వచ్చే ఫోర్స్ గూర్ఖాకు 700. తేడా రెండంగుళాలే. పైగా వరదప్పుడు లంక గ్రామాల కాజ్‌వేల మీద నీరు నిలిచి ఉండదు, పారుతుంది. టైర్లకు పట్టు పోయాక ఇంజిన్ ఆడుతున్నా బండి పక్కకు కొట్టుకుపోతుంది. అక్కడ పడవే దిక్కు.

ఇక బురదలో కావలసింది తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ తిరిగే వేగం) టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. పెద్ద థ్రాటిల్ లాభం, ఉంటే గింటే, ఎక్కువ ఆర్‌పీఎంలోనే. కాస్త తొక్కగానే గాలి ఒక్కసారిగా పెరిగి చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. డీజిల్ బండిలో పవర్‌ను నడిపేది ఇంధనం, థ్రాటిల్ కాదు. దానికి ఆ ఖర్చు శుద్ధ దండగ.