బెంగళూరులో ఒక వీధి కళకళలాడుతుంటే పక్క రోడ్డు బోసిగా ఎందుకుంటుంది?

ఫుట్‌పాత్, చెట్లు, లైట్లు అన్నీ ముఖ్యమే, కాదనను. కానీ నన్నడిగితే అసలు తేడా బిల్డింగుల ముందుభాగంలో, అదీ కింది అంతస్తులో ఉంటుంది.

మారతహళ్లిలో మనవాళ్ల పీజీలున్న సందుల్లోకి సాయంత్రం వెళ్లి చూడండి. కర్రీ పాయింట్ ముందు నలుగురు, పక్కన జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చుని ఫోన్ మాట్లాడేవాళ్లు, గుమ్మంలోకే వచ్చేసిన టైలర్ మిషను... ఎవరో ఒకరు వీధిని చూస్తూనే ఉంటారు కాబట్టి చీకటిపడ్డాక కూడా ఒంటరిగా నడవడానికి అంత టెన్షన్ ఉండదు. అక్కణ్ణుంచి ఔటర్ రింగ్ రోడ్డెక్కి టెక్ పార్కు ప్రహరీ పక్కన నడవండి. గోడ, గోడ, మళ్లీ గోడ. అక్కడ ఎవరైనా ఎందుకాగుతారు?

డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గేల్ లెక్క ఏంటంటే, 100 మీటర్లకు 15-20 గుమ్మాలుంటే వీధి బతికుంటుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషికి అప్పుడు నాలుగైదు సెకన్లకో కొత్త దృశ్యం కనిపిస్తుంది మరి.

అలాగని ప్రతి ఇంటి ముందూ షాపు పెట్టమని కాదు. మల్లేశ్వరం, బసవనగుడి పాత ఇళ్లకు కురచ ప్రహరీ, వీధివైపు వరండా చాలు, పలకరింపులు వాటంతటవే జరిగేవి. ఇప్పటి అపార్ట్‌మెంట్లకు కిందంతా కార్ల పార్కింగే, మనుషులు మొదలయ్యేది మొదటి అంతస్తు నుంచి. అద్దాల షోరూములు నయమనుకుంటాం గానీ, ఆ అద్దం నిండా ఆఫర్ల స్టిక్కర్లు అంటించేస్తే అదీ గోడే.