బ్లూమ్స్ లాంటి 3డీ ప్రింట్ శిల్పాలు తిప్పితే రేకులు కదుల్తాయి కదా, లోపల మోటార్లు పెడతారా?

లేదు, రేకుల్లో ఏ మోటారూ ఉండదు, అది గట్టి ప్లాస్టిక్ ముద్దే, కదలికంతా క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌లో, రేకులు పేర్చే కోణంలోనే ఉంది. ఒక రేకు గీసి దాన్ని 137.5 డిగ్రీలు తిప్పి, కొంచెం పెద్దది చేసి, కొంచెం బయటికి జరిపి కాపీ పెడతారు, మళ్ళీ దాన్నుంచి ఇంకోటి, ఇట్లా వందల కాపీలు, అంటే ఒక్కో రేకు యానిమేషన్‌లో ఒక్కో ఫ్రేమ్ అన్నమాట. కర్నూలు చేలల్లో పొద్దుతిరుగుడు పువ్వు దగ్గరగా చూడండి, గింజల పేర్పు అచ్చం ఇదే కోణం, ఎంత అందమైన లెక్కో!

అమెరికా కళాకారుడు జాన్ ఎడ్మార్క్ చేసిన బ్లూమ్స్‌నే తీసుకోండి, నిమిషానికి 550 చుట్లు తిప్పితే సెకనుకి 3300 డిగ్రీలు, దాన్ని 137.5తో భాగిస్తే సరిగ్గా 24, అందుకే 24 ఫ్రేముల వీడియోలో ప్రతి ఫ్రేముకీ ఒక రేకు ఉన్న చోటికి పక్క సైజు రేకు వచ్చి కూర్చుంటుంది, మనకి పువ్వు విచ్చుకున్నట్టు కనిపిస్తుంది. అటుపక్కకి తిప్పితే ముడుచుకుంటుంది.

చాలామంది ప్రింట్ తీసి ఊరికే తిప్పితే చాలనుకుంటారు, మామూలు వెలుతుర్లో అయితే అంతా అలికేసినట్టే కనపడుతుంది, టకటకా వెలిగి ఆరే స్ట్రోబ్ లైటన్నా ఉండాల, లేదంటే కెమెరా షట్టర్ బాగా స్పీడన్నా పెట్టాల.