భర్త డయాలసిస్ మీద ఉన్నాడు, విశ్వాసం చాల్లేదంటున్నారు: నా అనుభవం

వందనాలు సిస్టర్. మీరు అడిగినవి ఇవి కదా: మీవారికి రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్ నడుస్తోంది. ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దావిడ మూడు రోజులు ఉపవాసముండి డయాలసిస్ మిషను మానేయమంది, మానకపోతే అది అవిశ్వాసమంది. మీకేమో ఈ మధ్య మోకరిస్తే నోట మాట రావట్లేదు. పైగా మీ కిడ్నీ ఇచ్చే విషయంలో ఇంట్లో గొడవ. మాది గుంటూరు. మా ఆవిడ డయాలసిస్‌కి వెళ్ళడం మొదలుపెట్టి ఏళ్ళు గడిచాయి. నేను పాస్టర్ని కాదు, డాక్టర్ని అసలే కాదు. చర్చిలో వెనక బెంచీ మనిషిని. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ పెద్దావిడ మాట, ఎందుకంటే అది ప్రాణం మీదికి తెచ్చే మాట. మిషను మానకండి. ఒక్క సెషన్ కూడా మానకండి. మూత్రం సరిగా రాని మనిషికి డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది, పొటాషియం పెరిగి గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఉపవాసం కూడా ఆయన చేయకూడదు. మీరు చేయాలనుకుంటే మీ ఇష్టం, కానీ ఆయన్ని మోసేది మీరు, కళ్ళు తిరిగి పడిపోతే ఎలా?

ఇక అది అవిశ్వాసమా అన్న ప్రశ్న. హిజ్కియా రాజుకి మరణకరమైన జబ్బు చేసింది. ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విని, బాగుచేస్తానని, ఇంకో 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తానని మాటిచ్చాడు. అంతా అయ్యాక యెషయా ఏం చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. దేవుడు మాటిచ్చేశాక కూడా ప్రవక్తే దగ్గరుండి మందు వేయించాడన్నమాట. యాకోబు పత్రికలో పెద్దల్ని పిలిచి నూనె రాయించి ప్రార్థన చేయించుకోమని ఉంది, మందు మానమని లేదు. పౌలు ఎందరినో బాగుచేశాడు గానీ తన సహచరుడు త్రోఫిము జబ్బుగా ఉంటే అతన్ని మిలేతులో వదిలి వెళ్ళాల్సి వచ్చింది. తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధ తీసేయమని తానే మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. పౌలుకి విశ్వాసం చాల్లేదని ఎవరైనా అంటారా?

మా ఊళ్ళో కుగ్లర్ ఆస్పత్రి ఉంది. ఆన్నా సారా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం ఆస్పత్రి తెరిచింది. రాయవేలూరులో ఐడా స్కడర్ 1900లో మొదలుపెట్టిన చిన్న వైద్యశాలే ఇవాళ్టి సీఎంసీ ఆస్పత్రి. 1971లో అక్కడ చేసిన కిడ్నీ మార్పిడిని మన దేశంలో మొదటి విజయవంతమైన వాటిలో ఒకటిగా చెప్పుకుంటారు. మందు వాడటం అవిశ్వాసమైతే వీళ్ళంతా సముద్రాలు దాటి అవిశ్వాసం నేర్పడానికి వచ్చారనుకోవాలి. మా ఇంటికొచ్చి ఇదే మాట చెప్పిన బ్రదర్ ఒకాయన కళ్ళజోడు పెట్టుకుని వాక్యం చదివాడు. మా ఆవిడ అది చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

అసలు చిక్కు ఎక్కడుందో నాకు కొన్నాళ్ళకి అర్థమైంది. మన సంఘాల్లో సాక్ష్యం అంటే అయిపోయిన కథ. జబ్బు చేసింది, ప్రార్థన చేశాం, బాగైంది, చప్పట్లు. డయాలసిస్ అయిపోయే కథ కాదు. సోమ, బుధ, శుక్రవారాలు ఒక్కోసారి నాలుగేసి గంటలు, మళ్ళీ సోమవారం. ఇలాంటి మనిషికి మైకు ముందు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే జనం తొందరపడి ఏదో ఒక ముగింపు తెప్పించాలని చూస్తారు. ఒకసారి మా ఆవిడకి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) తగ్గిందని తెలిసి ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పమన్నారు. డయాలసిస్ అయిన వెంటనే రక్తం తీస్తే ఎవరికైనా తగ్గుతుంది, రెండు రోజుల్లో మళ్ళీ పెరుగుతుంది. అది చెప్పలేక ఇద్దరం తల దించుకుని కూర్చున్నాం. సిస్టర్, మీ విశ్వాసాన్ని ల్యాబ్ రిపోర్టుతో కొలవనివ్వకండి. పుట్టుగుడ్డివాడి విషయంలో వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా అని శిష్యులే అడిగారు. ఇద్దరూ కాదన్నాడు యేసు. ఆ అధ్యాయం ఎన్నిసార్లు ప్రసంగించినా మన ఇంటికొచ్చేసరికి మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు. "నా కోసం ప్రార్థన చేయడానికొచ్చి నా పాపాల లెక్క అడుగుతారేంటి?" అంటుంది మా ఆవిడ.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటి. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ గొడవలు నీళ్ళ దగ్గరే జరిగాయి. డయాలసిస్ పేషెంటుకి రోజుకి ఇన్ని నీళ్ళే అని లెక్క ఉంటుంది. పప్పుచారు, మజ్జిగ, టీ అన్నీ ఆ లెక్కలోవే. సెషన్‌కి వెళ్ళగానే బరువు చూస్తారు. పోయినసారి కంటే రెండున్నర మూడు కిలోలు పెరిగితే అదంతా నీరే, ఆ రోజు అంత నీరూ లాగుతుంటే కాళ్ళు కొంకర్లు పోయి మనిషి విలవిల్లాడుతుంది. అది చూడలేక నేను ఇంట్లో పోలీసునయ్యాను. మే నెలలో, గుంటూరు ఎండలో, నాలుక పిడచకట్టుకుపోతున్న మనిషి చేతిలో గ్లాసు లాక్కోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. నేను దప్పిగొంటిని, మీరు నాకు దాహమిచ్చితిరి అన్న వాక్యం చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. దాహం ఇవ్వకపోవడమే ప్రేమ అయ్యే ఇల్లు ఒకటి ఉంటుందని సండే స్కూల్లో ఎవరు చెప్తారు?

చివరికి దారి మా ఆవిడే చూపించింది. పొద్దున్నే ఆ రోజు నీళ్ళన్నీ కొలిచి ఒక సీసాలో పోసి తన చేతికి ఇచ్చేయమంది. ఎప్పుడు తాగాలో, ఎంత తాగాలో తన ఇష్టం. నేను అడగకూడదు. కొన్ని నీళ్ళు ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు చేసుకుని చప్పరిస్తుంది, ఒక ముక్క చాలాసేపు వస్తుంది. ఉప్పు బాగా తగ్గించాం, పచ్చళ్ళు బంద్. ఉప్పు తగ్గితే దాహమే తగ్గుతుందని డైటీషియన్ చెప్పింది, నిజమే. పొటాషియం గొడవతో గోంగూర కూడా పోయింది. గుంటూరులో పుట్టి గోంగూర మానడం కూడా ఒక శ్రమే, నవ్వకండి.

ఒక గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. మాటకొకరు చొప్పున ప్రసంగిస్తారు కదా. ఐదో మాట, దప్పిగొనుచున్నాను, ఒక కుర్రాడు ఆత్మల దాహం మీద గట్టిగా కేకలేసి చెప్పాడు. మా ఆవిడ నా చెవిలో, "ఈ మాట నాకిస్తే బాగుండేది" అంది. ఆ ముక్క నేను పాస్టర్ గారికి చెప్పాను. తరవాతి ఏడు ఆ మాట ఆమెకే ఇచ్చారు. కుర్చీలో కూర్చునే చెప్పింది, పది నిమిషాలు కూడా పట్టలేదు. దాహమైతే ఒళ్ళు ఎలా అవుతుందో చెప్పింది, ఆయనకి నిజంగా అలాగే అయ్యుంటుందంది. బాగుపడ్డానని చెప్పలేదు, బాగుపడతానని కూడా చెప్పలేదు. ఆరాధన అయ్యాక ఒక షుగర్ పేషెంటూ, పిల్లాడికి ఫిట్స్ వచ్చే ఒక తల్లీ వచ్చి తన పక్కనే కూర్చుండిపోయారు. అప్పటిదాకా వాళ్ళ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు.

ప్రార్థన రావట్లేదన్నారు. రాదు. నిద్ర లేదు, డబ్బుల టెన్షన్, ఇంటా బయటా పని. ఇది ఆత్మీయ సమస్య కంటే ముందు అలసట. కోపం కూడా ఉంటే దాచకండి. 88వ కీర్తన తీసి చూడండి, మొదటి నుంచి చివరి దాకా మొరే, చీకటి అన్న మాటతో ముగుస్తుంది, ఎక్కడా స్తోత్రంతో సర్దుకోదు. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. మాటలు రాని రోజుల్లో నేను చేసేది చిన్న పని. ఆమె చేతికి ఫిస్టులా ఉంది కదా, సూదులు గుచ్చేందుకు ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, అక్కడ రోజూ చెయ్యి ఆనించి చూడమన్నారు. లోపల జుయ్యిమని కదులుతుంటే బాగున్నట్టు, ఆగితే అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి. రాత్రి పడుకునే ముందు చెయ్యి పెట్టి చూస్తాను, కదులుతుంటే "స్తోత్రం ప్రభువా" అంటాను. చాలా రోజులు నా ప్రార్థన మొత్తం అంతే. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించితే, యేసు వాళ్ళ విశ్వాసం చూశాడని మార్కు రాశాడు. మీ వంతు విశ్వాసం కొన్నాళ్ళు వేరేవాళ్ళని మోయనివ్వండి.

మోయడం అంటే ఏంటో మాత్రం మనమే చెప్పాలి, లేకపోతే వాళ్ళకి తోచింది చేస్తారు. మాకు ప్రార్థనకి వచ్చేవాళ్ళు ప్రేమతో కొబ్బరిబోండాలు, అరటిపండ్లు తెచ్చేవారు. రెండూ డయాలసిస్ వాళ్ళకి పొటాషియం బాంబులే. ఒకాయన ప్రార్థన ఊపులో ఆ ఫిస్టులా చెయ్యే గట్టిగా పట్టుకుని ఊపేశాడు, నేను ఆమేన్ దాకా ఆగకుండా చెయ్యి విడిపించాను. ఆ చేతికి బీపీ కూడా చూడకూడదు. అప్పటి నుంచి ముందే చెప్పేస్తున్నాను: తల మీద చెయ్యి పెట్టండి, చేతులు పట్టుకోకండి, పండ్లు వద్దు, సెషన్ ఉన్న రోజు అసలు రావద్దు, ఆ రోజు ఆమెకి మంచం మీద నుంచి లేచే ఓపిక ఉండదు. ఎవరైనా వస్తామంటే ముందు ఆమెను అడుగుతాను. ఆమె వద్దంటే వద్దు. ఒక్కోసారి ప్రార్థన వద్దు, ఒక పాత కీర్తన పాడి వెళ్ళమనండి అంటుంది.

మన అవసరాలు కూడా "మా కోసం ప్రార్థించండి" అన్న ఒక్క మాటలో పెడితే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. శుక్రవారం యూనిట్ దగ్గర నాలుగు గంటలు నా బదులు కూర్చుంటారా? పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తారా? ఉప్పు లేకుండా కూర వండి పంపగలరా? ఇలా అడగండి. స్త్రీల సమాజంలో అడిగితే కాదనరు, నా అనుభవంలో మగవాళ్ళ కంటే వాళ్ళే తొందరగా కదులుతారు. మీరు కనిగిరి వైపు అన్నారు కాబట్టి ఇంకోటి: ఏపీలో డయాలసిస్ వాళ్ళకి నెలకు 10,000 పింఛను ఉంది, సెషన్లు ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వస్తాయి. ఇంకా రాకపోతే సచివాలయంలో అడగండి.

కిడ్నీ సంగతి. దాన్ని సిలువ త్యాగంతో పోల్చి మిమ్మల్ని ఒప్పించాలని చూసేవాళ్ళ మాటా వినకండి, దేవుడిచ్చిన శరీరం కోయకూడదని భయపెట్టేవాళ్ళ మాటా వినకండి. ముందు పరీక్షలు చేయించుకోండి, షుగర్, బీపీ లాంటివి ఉంటే మీరు ఇవ్వొచ్చో లేదో డాక్టర్లే తేలుస్తారు, నన్ను షుగర్ వల్లే వద్దన్నారు. మా ఆవిడ పేరు జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ళ అవయవాల కోసం ప్రభుత్వం నడిపే వెయిటింగ్ లిస్టు) ఉంది, ఎదురుచూస్తున్నాం. మీకు మనసు ఒప్పకపోతే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌తో విడిగా, ఇంట్లోవాళ్ళెవరూ లేకుండా మాట్లాడండి. ఇవ్వాలనుకుంటే, 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువే. బ్లడ్ గ్రూప్ కలవకపోతే మీలాంటి ఇంకో జంటతో మార్చుకోవడానికి 2011 సవరణలో వీలు కల్పించారు. మనవాళ్ళలో చాలామందికి చర్చి పేరు ఒకటి, సర్టిఫికెట్ పేరు ఒకటి ఉంటుంది కదా, పెళ్ళి రికార్డులో ఒకలా ఆధార్‌లో ఒకలా ఉంటే మీరు భార్యాభర్తలని రుజువు చేసుకోవడానికే నెలలు పోతాయి. ఇవ్వడమా మానడమా తేలకపోయినా, ఆ పేర్లు మాత్రం ఇప్పుడే సరిచేయించి పెట్టుకోండి.