ఘనం మూలలో ఆవేశం: 166.7 కాదు, 41.7 ఎందుకు?

ఘనం మూలలో 8.85 నానోకూలుంబ్‌ల ఆవేశం ఉంటే ఒక్కో ముఖం గుండా విద్యుత్ అభివాహం (ముఖాన్ని దాటి వెళ్లే బలరేఖల మొత్తం) ఎంతన్న లెక్కలో మీకు 166.7 వచ్చింది, జవాబుల కీలో 41.7 ఉంది అన్నారు. కీ సరైనదే, కానీ మూడు ముఖాలకే.

ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌తో (శూన్యం పర్మిటివిటీ, 8.85 × 10⁻¹²) భాగిస్తే సుమారు 1000 న్యూటన్·మీటర్²/కూలుంబ్. దాన్ని మీరు 6తో భాగించారు. అది ఆవేశం ఘనం నట్టనడుమ ఉన్నప్పుడే చెల్లుతుంది. మూలలో ఉన్న ఆవేశం పూర్తిగా లోపలా లేదు, బయటా లేదు. అందుకే గాస్ నియమం (మూసిన తలం గుండా మొత్తం అభివాహం = లోపలి ఆవేశం / ఎప్సిలాన్ నాట్) నేరుగా వాడకూడదు. అలాంటివే ఇంకో ఏడు ఘనాలు చుట్టూ పేర్చండి. ఇప్పుడు ఆవేశం పెద్ద ఘనం మధ్యలోకి వచ్చింది. మన ఘనం వాటా 1000/8 = 125.

ఇక్కడే చాలామంది 125ని మళ్లీ 6తో భాగిస్తారు. పొరపాటు! ఆవేశం ఉన్న మూలలో కలిసే మూడు ముఖాలను చూడండి: బలరేఖలు ఆ ముఖాల వెంబడే జారిపోతాయి, ఒక్కటీ దూసుకెళ్లదు. వైశాల్య సదిశ ముఖానికి లంబం కాబట్టి క్షేత్రానికీ దానికీ మధ్య కోణం 90°, కాస్ 90° సున్నా. మిగిలిన మూడు ముఖాలూ ఆవేశానికి ఒకేలా ఉన్నాయి, కాబట్టి 125/3 = 41.7.

భుజం పొడవు ఇవ్వలేదని కంగారు పడకండి, అది అక్కర్లేదు. భుజం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, క్షేత్రం నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి అభివాహం మారదు.

ఇంకొకటి: "తలం క్షేత్రంతో 30° చేస్తుంది" అని ఇస్తే తీటా (క్షేత్రానికీ వైశాల్య సదిశకూ మధ్య కోణం) 60°. కోణాన్ని ఎప్పుడూ లంబం నుంచే కొలవాలి.