టెక్ సందేహాలు: నడినెత్తిన ఎండ, లెన్స్ ముందు నల్లగాజు

కడియం నుంచి ఒక పాఠకుడు: నర్సరీల్లో ప్రీ వెడ్డింగ్ షూట్లు చేస్తుంటాను. మిట్టమధ్యాహ్నం లెన్స్ బాగా తెరిచి ఎఫ్ 1.8లో తీస్తే ముఖాలు తెల్లగా బర్న్ అవుతున్నాయని, వెలుతురుని 64వ వంతుకి తగ్గించే నల్లగాజు, ఎన్‌డీ 64 ఫిల్టర్ కొన్నాను. బర్న్ ఆగింది గానీ కళ్ల కింద నల్లటి నీడలు అలాగే ఉన్నాయి. నకిలీ ఫిల్టరా సార్?

ఫిల్టర్ తప్పేమీ లేదు. ఎండాకాలం వస్తే చాలు, ఇదే ఫిర్యాదు. ఎన్‌డీ గాజు నుదుటి మీది ఎండనూ కళ్ల కింది నీడనూ ఒకే పాళ్లలో తగ్గిస్తుంది, రెండింటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ఆ తేడా తగ్గాలంటే మనుషుల్ని నీడలోకి జరపాలి, లేదా వాళ్ల తల మీద ఎండను పలచబరిచే తెల్ల గుడ్డ, డిఫ్యూజర్ పట్టాలి, లేదా ఫ్లాష్ కొట్టాలి. కొబ్బరి తోట నీడ అనగానే సరిపోదు. మట్టల సందుల్లోంచి ఎండ చుక్కలు ముఖం మీద పడితే ఇంకా అధ్వానం.

లెక్క చూడండి. నిండు ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్ 16కి షట్టర్ సుమారు 1/100 సెకను. ఎఫ్ 1.8కి తెరిస్తే ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) దాటుతుంది, అంటే దాదాపు 1/8000 కావాలి. మీ కెమెరా అంతవరకు వెళ్తే ఫ్లాష్ లేని ఫొటోకి ఎన్‌డీతో పనే లేదు. 1/4000 దగ్గర ఆగిపోతే ఎన్‌డీ 4 చాలు. లంకల్లో ఇసుక మీద తీస్తే కింద నుంచి కూడా వెలుతురు చిమ్ముతుంది కాబట్టి ఎన్‌డీ 8 తీసుకెళ్లండి.

మీ ఎన్‌డీ 64 ఫ్లాష్‌తో పనికొస్తుంది. చాలా కెమెరాల్లో ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్ ఫ్రేమంతా పడే అత్యధిక షట్టర్ వేగం, 1/200, 1/250 దగ్గరే ఆగుతుంది. ఈ ఫిల్టర్‌తో ఎఫ్ 1.8లో షట్టర్ 1/125కి దిగుతుంది. అంతకన్నా వేగమైన షట్టర్‌కీ ఫ్లాష్ పనిచేసే హై స్పీడ్ సింక్‌తోనూ తీయొచ్చు గానీ అందులో ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది. ఎన్‌డీ ఫ్లాష్ వెలుతురునూ తగ్గిస్తుందని మరవకండి. చిన్న ఫ్లాష్‌కి సాఫ్ట్‌బాక్స్ తగిలిస్తే మనిషికి మీటరు దూరంలోనే పెట్టాలి.

నరసాపురం నుంచి: తిప్పిన కొద్దీ ముదిరే వేరియబుల్ ఎన్‌డీ తిప్పుతుంటే ఫొటో మధ్యలో నల్లటి ఇంటూ గుర్తు వస్తోంది.

అందులో ఉన్నవి రెండు పోలరైజర్లు, అంటే ఒక దిశలో కంపించే వెలుతురునే వదిలే గాజులు. చివరిదాకా తిప్పితే, ముఖ్యంగా వైడ్ లెన్స్‌లో, అది వచ్చి తీరుతుంది. వెనక్కి తిప్పండి. ఆ చోటికి రాకముందే రింగు ఆగేలా చేయడం తయారీదారులకు తెలియని విద్య కాదు. అయినా చాలావాటిలో రింగు ఆగదు, గుర్తులూ నిజం చెప్పవు, డబ్బు మాత్రం రెట్టింపు. పైగా తిప్పిన కొద్దీ నీటి మీది మెరుపు మారుతుంది, గోదావరి నేపథ్యంగా తీసిన ఫ్రేములు ఒకదానికొకటి పొసగవు. పోర్ట్రెయిట్లకి మామూలు ఎన్‌డీలు రెండు కొనుక్కోండి.

రాజమండ్రి నుంచి: పుష్కర ఘాట్‌లో సూర్యాస్తమయాన్ని జంట వెనక పెట్టి తీయాలి. ఎన్‌డీ 64 ఉంది కదా, వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూసి ఫోకస్ చేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో లెన్స్ పోగేసిన ఎండ నేరుగా కంట్లో పడుతుంది. ఎన్‌డీ తగ్గించేది కనిపించే వెలుతురుని. కనిపించని పరారుణ కిరణాల్ని చాలా ఫిల్టర్లు పెద్దగా ఆపవు. మసకగా కనిపించేసరికి కంటిపాప పెద్దదవుతుంది, రెప్ప వాల్చాలని అనిపించదు. రెటీనాకు నొప్పి తెలియదు, కాలుతున్నా మీకు తెలియదు. వ్యూఫైండర్‌లోనూ చిన్న స్క్రీనే ఉండే మిర్రర్‌లెస్‌లో కంటికి ఆ ముప్పు లేదు గానీ, లెన్స్ తెరిచి సూర్యుడి వైపు ఉంచితే షట్టర్ రేకులు, సెన్సర్ కాలిపోవచ్చు. సూర్యుణ్ణి జంట భుజాల వెనక దాచండి, ఫోకస్‌ని కెమెరా వెనక స్క్రీన్ మీద చూసుకోండి, షాట్ల మధ్య మూత పెట్టండి. గ్రహణానికైతే ఎన్‌డీ 1000 కూడా రక్షణ కాదు, లెన్స్ ముందు సోలార్ ఫిల్టర్ ఉండాల్సిందే.

ఘాట్‌లో పిల్లలు చుట్టూ మూగి ఒక్కసారి చూస్తామని అడుగుతారు. కెమెరా పడమటికి తిరిగి ఉన్నంతసేపూ వాళ్లని కన్ను పెట్టనివ్వకండి.