రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదంటే పాడైనట్టేనా?

బానెట్ ఎత్తి పది నిమిషాలు చూశాను, ఫ్యాన్ అసలు కదల్లేదు, మార్చెయ్యాలా అని ఒకరు అడిగారు. ఆగండి, తొందరపడకండి. కరెంటుతో నడిచే ఫ్యాన్ ఇంజిన్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచీ తిరుగుతూ ఉండేది కాదు. చాలా కార్లలో ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ద్రవం వేడి దాదాపు 95 నుంచి 105 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక ఆన్ అవుతుంది, కాస్త చల్లబడగానే ఆగిపోతుంది. ఊరికే ఐడిల్‌లో ఉంచిన ఇంజిన్ అంత వేడెక్కడానికి పది నిమిషాలు చాలకపోవచ్చు. బండి వేగంగా పోతున్నప్పుడైతే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాన్‌కి పెద్దగా పని ఉండదు.

అన్నిటికంటే సులువైన పరీక్ష ఏసీ. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఏసీ ఆన్ చేసి బాగా చల్లగా వచ్చేట్టు పెట్టండి. చాలా కార్లలో ఒకటి రెండు నిమిషాల్లో ఫ్యాన్ అందుకుంటుంది, ఎందుకంటే రేడియేటర్ ముందే ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది, దానికీ ఈ గాలే కావాలి. తిరిగిందంటే మోటర్‌కి ప్రాణం ఉన్నట్టే. ఏసీకి తిరిగి, ఇంజిన్ వేడెక్కినప్పుడు మాత్రం తిరగట్లేదంటే అప్పుడు టెంపరేచర్ సెన్సర్‌ని అనుమానించాలి, లేదా కూలెంట్ తగ్గి సెన్సర్ దాకా అందట్లేదేమో చూడాలి. కూలెంట్ చూస్తాను కదా అని వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి, లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. అలాగే వేలాడే చున్నీలూ, వదులు చేతులూ ఫ్యాన్ దగ్గరకి పోనివ్వకండి. కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా అది ఉన్నట్టుండి తిరుగుతుంది.

ఇక నేను బోల్తా పడ్డది ఎక్కడంటే, "తిరుగుతోంది కాబట్టి బాగుంది" అనుకోవడం దగ్గర. నా కారు సిగ్నల్ దగ్గర ఆగితే ముందు ఏసీ గాలి వెచ్చబడేది, తర్వాత టెంపరేచర్ ముల్లు సగం దాటి మెల్లగా పైకి పోయేది, బండి కదిలితే మళ్లీ దిగేది. ఇంతకంటే స్పష్టంగా ఫ్యాన్ ఇంకేం చెప్పాలి చెప్పండి! కానీ ఏసీ వేసి చూస్తే తిరుగుతూనే ఉంది, దాంతో నేనే దాన్ని వదిలేశాను. మెకానిక్ కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ మార్చాడు, కూలెంట్ మార్చాడు, డబ్బు పోయింది, ముల్లు కథ మాత్రం మారలేదు.

చివరికి ఒకరోజు ఏసీ వేసి, గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకుని చూశాను. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలి లాగే రకమైతే కాగితం ముందువైపు గట్టిగా అతుక్కోవాలి. నాది అతుక్కున్నట్టే అతుక్కుని జారిపోయింది. ఇంకాసేపటికి ఫ్యాన్ ఆగింది, మళ్లీ తిరగాల్సినప్పుడు ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్ లాంటి రిలే టక్‌మన్న చప్పుడు వినిపించింది గానీ రెక్కలు కదల్లేదు. పొడుగాటి కర్రతో, రెక్కలకి దూరంగా, మోటర్ వెనక రెండు సార్లు తట్టాను. మూలిగినట్టు ఒక శబ్దం చేసి తిరగడం మొదలుపెట్టింది. మోటర్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ వైరు తీసేసి రెక్కని చేత్తో తిప్పితే బరుకుగా తగిలి, సగం చుట్టు కూడా తిరక్కుండానే నిలిచిపోయింది.

మీది ఏసీకీ తిరగట్లేదంటే ముందు ఫ్యూజ్ చూడండి. తర్వాత రిలే: అదే బాక్స్‌లో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే, చాలాసార్లు హారన్‌ది ఉంటుంది, రెండూ అటూ ఇటూ మార్చి చూస్తే తేలిపోతుంది. అప్పటికీ ఉలకకపోతే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ఉన్న వైర్లతో నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడాలి. తిరిగితే మోటర్ మంచిదే, లోపం వైరింగ్‌లోనో సెన్సర్‌లోనో ఉంది. ప్లస్సూ మైనస్సూ కచ్చితంగా తెలియకపోతే ఈ ఒక్కటీ మెకానిక్‌కి వదిలేయండి. ఫ్యాన్‌ని కంప్యూటర్ కంట్రోల్ చేసే చాలా కార్లలో కూలెంట్ సెన్సర్ ప్లగ్ పీకేసి ఇంజిన్ స్టార్ట్ చేస్తే, జాగ్రత్త కోసం ఫ్యాన్ దానంతట అదే ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, కంగారుపడకండి, అప్పుడు నమోదైన లోపం కోడ్‌ని తర్వాత తీసేయించుకోవచ్చు.

రెండు స్పీడ్లున్న ఫ్యాన్ అయితే ఇంకో తిరకాసు ఉంది. తక్కువ స్పీడ్ కోసం కరెంటు తగ్గించే రెసిస్టర్ కాలిపోతే ఆ స్పీడ్ పోయి ఎక్కువ స్పీడ్ మిగులుతుంది. చాలాసేపు గమ్మునుండి, బాగా వేడెక్కాక ఒక్కసారిగా హోరుమంటుంటే అదే అయ్యుండొచ్చు.

మోటర్ మార్పించాక కూడా కాగితం పరీక్ష మానకండి. నాకు పాత కనెక్టర్ కోసి కొత్త మోటర్ వైర్లకి కలిపారు. ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, అందరం సంతోషించాం, తీరా కాగితం పెడితే ఎగిరి నా మీదే పడింది. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేశారు, ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది! అక్కడే నిలబడి వైర్లు మార్పించి, కాగితం గ్రిల్‌కి చప్పున అతుక్కున్నాకే బానెట్ దించనిచ్చాను.