హాంబర్గ్ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ అందింది, చదివాను. మనలో చాలామందికి రెండో ప్రపంచ యుద్ధమంటే హిట్లరూ హిరోషిమానే గుర్తొస్తాయి. నువ్వు 1943 జులైలో బ్రిటిష్ బాంబులకి కాలిపోయిన జర్మన్ నగరం హాంబర్గ్‌ను ఎంచుకోవడం నాకు నచ్చింది.

కానీ ఆ రాత్రి దగ్గరికి వచ్చేసరికి ‘మృత్యువు కరాళనృత్యం చేసింది’ అని రాసి ముందుకెళ్ళిపోయావు. ఆ మాట వరదకీ సరిపోతుంది, కలరాకీ సరిపోతుంది. హాంబర్గ్ ఎలా తగలబడిందో అందులో లేదమ్మా. అది తెలియకపోతే పాఠకుడికి కన్నీళ్ళు రావు, వచ్చినా నిలవవు.

ఆ మంటను లెక్క కట్టి పుట్టించారు. ముందు పెద్ద పేలుడు బాంబులు పైకప్పులు లేపేస్తాయి, తలుపులూ కిటికీలూ ఊడగొడతాయి. వాటితోపాటే రెండు కిలోలైనా తూగని నిప్పు బాంబులు వేలకు వేలు అటకల మీద పడతాయి. జులై 27 రాత్రి హామర్‌బ్రూక్, హామ్ పేటల మీద జరిగింది ఇదే. కార్మికుల ఇళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకుని కట్టినవి. ఎండలకి అంతా పొడిబారి ఉంది. మూడు రోజుల కిందటి దాడిలో లేచిన మంటలు ఆరక, ఫైరింజన్లు చాలావరకు ఊరికి పడమట ఉండిపోయాయి. విడివిడి మంటలన్నీ కలిసిపోయి చుట్టుపక్కల గాలిని లోపలికి లాక్కున్నాయి. చెట్లు పెకిలించే గాలి అది.

నీ కథలో తల్లిని నేలమాళిగలో కూర్చోబెట్టావు. ఆమె పైకి వెళ్తే వీధిలో తారు కరిగి కాళ్ళు అంటుకుపోతాయి. లోపలే ఉంటే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. తర్వాత ఆ తలుపులు తెరిచినవాళ్ళకి ఎందరో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, నిద్రపోతున్నట్టు కనిపించారు. పిల్లను చంకనేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డ మనిషి ఎటు అడుగేస్తుంది? నీ కథంతా అక్కడుంటే ఒక్క వాక్యంలో దాటేశావు. రెండు పేజీలైనా అక్కడ ఆగు. దుప్పటి తడపడానికి నీళ్ళున్నాయా? కాలవ ఎంత దూరం? పక్కింటి నేలమాళిగలోకి పారిపోవడానికి గోడలో కొంత మేర పల్చగా కట్టించేవారు. దాన్ని పగలగొట్టడానికి ఆమెకి బలముందా? పగలగొడితే అవతల ఏముంది?

ఇంకో సంగతి. నీ హాంబర్గ్‌లో యూదులూ లేరు, శిబిరాల ఖైదీలూ లేరు. 1941 అక్టోబరు నుంచే అక్కడి యూదులను రైళ్ళెక్కించి పంపేశారు. వాళ్ళ ఇళ్ళలోని సామాన్లు వేలం వేస్తే ఊరిజనమే కొనుక్కున్నారు. నీ కథలోని తల్లి ఇంట్లో ఆ వేలంలో కొన్న కుర్చీ ఉండొచ్చు. ఉంచు. దాడుల తర్వాత శిథిలాల్లోంచి శవాలను తీయించింది నోయెన్‌గామె నిర్బంధ శిబిరం ఖైదీలచేత. వాళ్ళూ నీ కథలోకి రావాలి.

అలాగని ‘తగిన శాస్తి’ అనే ధోరణిలోకి జారకు. వార్సా, రోటర్‌డామ్, కోవెంట్రీ నగరాల మీద ముందు బాంబులు వేసింది జర్మన్లే. అయినా చంకలో పిల్ల వార్సా మీద బాంబు వెయ్యలేదు. కార్మికుల మనోధైర్యాన్ని దెబ్బతీయాలని 1942 ఫిబ్రవరిలో బ్రిటిష్ బాంబర్ దళానికి రాతపూర్వకంగా ఆదేశాలందాయి. ఆ ఇళ్ళు గురి తప్పి కాలలేదు. నా మటుకు నాకది ఘోరమైన నేరం, ఎవరు ముందు మొదలుపెట్టినా సరే. నీ అభిప్రాయం వేరైతే దానికే కట్టుబడి రాయి. ఏదైనా పాత్ర నోట ఉపన్యాసంగా మాత్రం పెట్టకు. విమానంలో ఉన్నవాళ్ళకి కోరలు తగిలించకు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు. యుద్ధం ముగిసేసరికి ఆ దళంలో 55,000 మందికి పైగా చనిపోయారు.

మృతులు రెండు లక్షలని రాశావు. హాంబర్గ్ మీద పది రోజులు సాగిన దాడుల్లో పోయినవాళ్ళు దాదాపు 35,000 నుంచి 40,000 మంది. మరో జర్మన్ నగరం డ్రెస్డెన్‌లో బాంబుదాడులకి సుమారు 25,000 మంది పోతే ఆ లెక్కను ఎన్నో రెట్లు పెంచి ప్రచారం చేసింది నాజీలు. ఆ అలవాటు నీకొద్దు.

చివరి పేజీలో ఆ తల్లికి పేరు చెక్కిన రాయి పెట్టావు, తీసెయ్యి. హాంబర్గ్‌లోని ఓల్స్‌డార్ఫ్ శ్మశానంలో శిలువ ఆకారంలో తవ్విన సామూహిక సమాధి ఉంది. అక్కడ దూలాల మీద చెక్కినవి పేటల పేర్లు.

ముందు నేలమాళిగ భాగం తిరగరాసి పంపు. మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం.

మాస్టారు